రెండు వేళ్ల వెలితి

వనపర్తి
ఫిబ్రవరి 8, 2026, ఆదివారం

జంగమ్మత్తకు నీ మేనకోడలు సుమన దండాలు.

నువ్వు పంపిన నాలుగు పొడి డబ్బాలు లింగయ్య భద్రంగా దించిపోయాడు. ప్రతి ఆదివారం అతని ట్రాలీ ఆటో ధరూర్ నుంచి ఇక్కడి మార్కెట్టుకు రాకపోతే మన మధ్య మాటే ఉండేది కాదు. నీకు ఫోన్ వినబడదు. నా ఫోనేమో ఆర్డర్ల మోతకే సరిపోతుంది. డబ్బా అడుగున ఉత్తరమే మనిద్దరికీ నయం.

కూర్చుని తినే బల్ల లేదు, గోడకు బోర్డు లేదు, ఇదేం హోటలే అని పోయినసారి అడిగావు. నీ అన్న, అదే మా నాయన ఉన్నా ఇదే అడిగేవాడు. ఇది పాత బియ్యం గోదాము అత్తా. లోపల మూడు పొయ్యిలు. షట్టర్ పక్కన నాది, ఇడ్లీ, దోసె, పల్లి చట్నీ. నడుమ శ్రవణ్ కుమార్ అనే పిల్లగాడిది, నూడుల్స్. చివరన మౌలాబీది, నేను మౌలాబక్క అంటాను, బగారన్నం, చికెన్ కూర. ఫోన్‌లో చూస్తే మూడు హోటళ్లు కనిపిస్తాయి, వచ్చి చూస్తే ఒకటే గోదాము. హాస్టల్ పిల్లలు ఫోన్‌లో అడుగుతారు, బండి మీద వచ్చినవాళ్లు పట్టుకుపోతారు. తిన్నవాళ్ల ముఖం మేము చూడము, మా ముఖం వాళ్లు చూడరు.

నా భయమంతా అక్కడే. పొయ్యిలు మూడైనా లైసెన్సు ఒకటే, అది నా పేరు మీద ఉంది. శ్రవణ్ నూనె కాచి మరిచిపోతే నా ఇడ్లీ పోతుంది. నా చట్నీ పులిస్తే మౌలాబక్క బగారన్నం పోతుంది. రోజూ షట్టర్ ఎత్తగానే ముందు మూడు పొయ్యిలూ తిరిగి చూసుకుంటాను.

ఒక పని చేసిపెట్టు. పల్లి పొడి డబ్బా మూతికి ఎర్రగుడ్డ కట్టి పంపు. నర్సింగ్ చదివే పిల్ల ఒకతి ఉంది, పేరు శ్రీజ. ఆ పిల్లకు పల్లి పడదు. ఒక్క పలుకు తగిలినా గొంతు వాచి ఊపిరాడదట. ఆ సంగతి ఆ పిల్ల ఫోన్ చేసి చెబితే మౌలాబక్క తన పొయ్యి మీద పల్లే మానేసింది. కూర చిక్కబడడానికి నువ్వులు, కొబ్బరి వేస్తుంది. మా వంటలో పల్లి ఉండదని ఫోన్‌లో కూడా రాయించింది. శ్రీజ ఇప్పుడు ఆమె చేతి కూర తప్ప బయట ఏదీ ముట్టదు. పల్లి ఉన్నది నా పొయ్యి దగ్గరే కాబట్టి ఎర్రగుడ్డ గుర్తు పెట్టుకున్నాం.

ఆరోగ్యం చూసుకో.

నీ సుమన

*

ధరూర్
ఫిబ్రవరి 14

కోడలు సుమనకు,

ఎర్రగుడ్డ కట్టాను. పక్కింటి ఎంకమ్మ చూసి, డబ్బాకు దయ్యం పట్టిందా జంగమ్మా అని నవ్వింది. ఏం చెప్పను? పల్లికి భయపడే ఊరికి పంపుతున్నానని చెప్పాను.

కోపం తెచ్చుకోకు గానీ, నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీలో పిల్లలకు పల్లిపట్టీలు పెట్టిన చేయి ఇది. బక్కచిక్కి లేవలేని పిల్లలు పల్లి తిని లేచి ఉరకడం చూశాను. పడిపోయినవాళ్లను చూడలేదు. ఈ నేల మీద వానలు పడకున్నా పల్లి మాత్రం పండుతుంది. అదే మనల్ని సాకింది. దానికే గొంతు వాస్తదంటే పట్నం డాక్టర్లు చెప్పే కథ కాదా? సరే, నీ వంటిల్లు, నీ కట్టుబాటు. నేను కాదనను.

నాకు భయమేసింది వేరే దానికి. ఒక గోదాములో మూడు పొయ్యిలంటే ఎన్ని సిలిండర్లు? రాత్రి మూసేటప్పుడు నువ్వే స్వయంగా చెయ్యి పెట్టి చూడు, ఇంకొకరిని నమ్మకు. జర పైలం బిడ్డా.

మౌలాబీ మనిషి ఎట్లాంటిదో రాయలేదు. పొయ్యి పక్కన పొయ్యి పెట్టుకున్నదంటే చుట్టం కింద లెక్క. ఆమెకు నా తరఫున సలాం చెప్పు. రేపు శివరాత్రి, నాకు ఒక్కపొద్దు. నీకు వీలైతే ఉండు, లేకుంటే దండం పెట్టుకో. పొయ్యి ముందు నిలబడే మనిషి ఆకలితో ఉంటే కళ్లు తిరుగుతాయి.

మీ జంగమ్మత్త

*

వనపర్తి
ఫిబ్రవరి 22, ఆదివారం

జంగమ్మత్తకు,

నీ సలాం చెప్పాను. మౌలాబక్క ఎంత సంబరపడిందో. రంజాన్ మొదలైంది కదా, ఖర్జూర పండ్లు స్టీలు డబ్బా నిండా పెట్టి నీకు పంపుతోంది. మూత మీద ఆమె పేరు చెక్కి ఉంది, చూడు. ఆమె మనిషి ఎట్లాంటిదంటే, నేను గరిటె ఎక్కడ పెట్టి మరిచిపోయానో నాకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. మాటలు తక్కువ. తెలుగు మనలాగే మాట్లాడుతుంది గానీ చదవడం రాదు.

ఒక్కపొద్దులతోనే మధ్యాహ్నం వంట చేస్తోంది. నోట్లో చుక్క పెట్టుకోదు, కూర ఉడికాక గరిటెతో నా అరచేతిలో వేసి ఉప్పు చూడమంటుంది. ఈ నెల రోజులు ఆమె నాలుక నేనే.

ఇక నా సంగతి. గురువారం ఫుడ్ ఆఫీసర్ వచ్చాడు. మోరీలో శ్రవణ్ పారబోసిన నూనె చూశాడు, ఫ్రిజ్ తెరిచి చూశాడు, డబ్బాలన్నీ మూత తీసి వాసన చూశాడు. బయట నుంచి వచ్చే ప్రతి డబ్బా మీద ఎవరు చేశారో, ఏమేం వేశారో రాసి ఉండాలన్నాడు. నీ పొడులను చూపించి, మా అత్త చేస్తుందని చెబుదామని నోటి దాకా వచ్చింది. భయపడి చెప్పలేదు. అన్నీ ఇక్కడే చేస్తామన్నాను. అతను పోతూ పోతూ, ఒక్క ఫిర్యాదు వచ్చినా మూడింటికీ తాళం వేస్తానన్నాడు. అప్పటి నుంచి ఫోన్ మోగితే ఆర్డరా, ఫిర్యాదా అని భయమే.

మా ఆయన నిరంజన్ ఇదంతా మానెయ్యమంటున్నాడు. మానేస్తే మౌలాబక్క ఎక్కడికి పోతుంది, శ్రవణ్ ఎక్కడికి పోతాడు? వాళ్లకు విడిగా లైసెన్సు రాదు, గోదాము దొరకదు. మూడు ఇళ్లు నా ఒక్క కాగితానికి వేలాడుతున్నాయి అత్తా.

నీ సుమన

*

ధరూర్
ఫిబ్రవరి 28

కోడలు సుమనకు,

ఖర్జూరాలు ముట్టాయి. తేనెలాగ ఉన్నాయి. ఎంకమ్మ మనవలకు పంచి, నేను నాలుగు దాచుకున్నాను. మౌలాబీ మనసు గొప్పది.

తీసుకున్న గిన్నె ఖాళీగా తిరిగి పంపితే మా అమ్మ ఊరుకునేది కాదు. వెలితిగా పంపినా ఊరుకునేది కాదు. ఇచ్చినవాళ్ల ఇంటికి గిన్నె నిండుగా పోవాలి, లేకుంటే మన ఇంటి వెలితి వాళ్ల ఇంటికి పోతుందనేది. మౌలాబీకి ఏం పంపాలా అని రెండు రోజులు ఆలోచించి కూర మసాలా చేశాను. ధనియాలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చెక్క, లవంగం దోరగా వేయించి రోట్లోనే దంచాను, గిర్నికి ఇవ్వలేదు. ఆమె కూరలో నువ్వులు, కొబ్బరి వేస్తుందని నువ్వు రాసింది గుర్తుంది. డబ్బా తట్టి తట్టి నింపితే రెండు వేళ్ల వెలితి వచ్చింది. అదీ ఉండనియ్యలేదు, మూత బిగుతుగా పట్టేదాకా నింపాను. మౌలాబీ చేతికే ఇమ్మని లింగయ్యకు చెప్పాను.

ఆఫీసర్‌కు నా పేరు చెప్పకపోవడమే మంచిది. ఇంట్లో దంచే పొడికి కాగితం ఎక్కడిది? అతను మళ్లీ వస్తే మంచినీళ్లు ఇచ్చి నిదానంగా మాట్లాడు, ఎదురు చెప్పకు. నువ్వు భయపడుతున్నట్టు కనిపించావో, లేని తప్పు కూడా వెతుకుతాడు.

మీ జంగమ్మత్త

*

వనపర్తి
మార్చి 8, ఆదివారం

అత్తా,

లింగయ్య బయట నిలబడ్డాడు. తొందరగా రాస్తున్నాను.

గురువారం మధ్యాహ్నం శ్రీజ పడిపోయింది. మౌలాబక్క కూర, బగారన్నం తిన్న కాసేపటికే పెదవులు, కళ్లు ఉబ్బి ఊపిరి అందలేదట. హాస్టల్ పిల్లలు ఎత్తుకుని దవాఖానకు ఉరికారు. నేను పోయేసరికి ఊపిరికి మెషిన్ పెట్టారు. ఆ పిల్లను ఆ రోజే మొదటిసారి చూశాను అత్తా. ఇన్ని నెలలు మా అన్నం తిన్న పిల్లను, ముఖం గుర్తుపట్టలేనంత వాచిపోయాక చూశాను.

పల్లి తగిలిందని డాక్టర్ ఖాయంగా చెప్పాడు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే దక్కేది కాదట.

సాయంత్రం ఆఫీసర్ వచ్చి షట్టర్ దించి సీలు వేశాడు. పొడులన్నీ కొంచెం కొంచెం కవర్లలో తీసుకుని పరీక్షకు పట్టుకుపోయాడు. మౌలాబక్క ఆ మిగిలిన కూర గిన్నె ముందు నిలబడి, తన పొయ్యి మీదికి పల్లి రాలేదని ఖురాన్ మీద ఒట్టు వేసింది. ఆ మరునాటి నుంచి ఎందుకో నోరు విప్పడం లేదు. శ్రవణ్ నన్ను అనుమానంగా చూస్తున్నాడు, నా చట్నీ చుక్క ఎగిరి పడిందేమోనని. నేను నా చేతులే వాసన చూసుకుంటున్నాను.

ఆ రోజు కూర ఉప్పు చూసింది నేనే. ఎప్పటికంటే రుచిగా ఉందక్కా, ఇవాళ ఏం వేశావని కూడా అడిగాను. నవ్వి ఊరుకుంది.

ఇక డబ్బాలు పంపకు. పిల్ల బతకాలని మొక్కు.

సుమన

*

ధరూర్
మార్చి 14

సుమనకు,

ఉత్తరం చదివినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. పిల్ల ఎట్లా ఉందో ముందు అది రాయి.

డాక్టర్లు చెప్పేదంతా నిజమేనా? ఎండలు ముదిరాయి, ఎండదెబ్బ కావచ్చు. కొందరికి గుడ్డు పడదు, కొందరికి వంకాయ పడదు. పొద్దున హాస్టల్‌లో ఇంకేమన్నా తిన్నదేమో అడిగారా? తోటి పిల్లలు బిస్కెట్లు పెట్టి ఉండవచ్చు.

పరీక్షకు ఏయే డబ్బాలలోంచి తీసుకున్నారు? స్టీలు డబ్బాలోంచి కూడా తీసుకున్నారా? మౌలాబీ నోరు విప్పడం లేదన్నావు, నీతో కూడా ఏమీ అనలేదా? పొడులు ఎక్కడివని ఆఫీసర్ అడిగితే ఏం చెప్పారు?

మౌలాబీని ఏమీ అనకు. నా మాట విను, ఆమెను ఒక్క మాట కూడా అనకు.

కళ్లు సరిగ్గా కనిపించడం లేదు, ఎక్కువ రాయలేను.

జంగమ్మత్త

*

వనపర్తి
మార్చి 15, ఆదివారం

అత్తా,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నా వంటిల్లు సీలు పడి పది రోజులైంది, నువ్వు గుడ్డు, వంకాయ అంటున్నావు. మౌలాబీని ఏమీ అనకు అంటున్నావు. నువ్వు ఎవరి అత్తవు?

పిల్ల బతికింది. మొన్న ఇంటికి పంపారు.

పరీక్ష కాగితం శుక్రవారం వచ్చింది. పల్లి మౌలాబక్క స్టీలు డబ్బాలోనే ఉంది. నువ్వు ప్రేమగా పంపిన మసాలాలోనే పల్లి కలుపుకుంది. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, పక్కన పొయ్యి పెట్టుకుని రోజూ చూసే నేనే పట్టలేకపోయాను. కూర చిక్కగా రావడానికి చేసిందో, ఇంకెందుకు చేసిందో. ఖురాన్ మీద ఒట్టు కూడా వేసింది!

ఆఫీసర్ నన్ను, ఆమెను ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగాడు. నా పేరు మీద కేసు వస్తే అన్నీ పోతాయని భయపడ్డాను. నీ ఫిబ్రవరి ఉత్తరం తీసి, మసాలా సంగతి ఉన్నంతవరకే మడిచి చూపించాను. ధనియాలు, నువ్వులు, కొబ్బరి, చెక్క, లవంగం అని నీ చేతిరాతతో ఉంది కదా, అందులో పల్లి లేదు, పల్లి ఆమే కలిపిందన్నాను. ఆఫీసర్ రెండుసార్లు చదివి, తప్పు ఆమె పొయ్యిదని రాసుకున్నాడు. ఆ పొయ్యి తీసేస్తే మిగతా రెండింటికీ తాళం తీసే ఆలోచన చేస్తానన్నాడు.

మౌలాబక్క కాదనలేదు. కాగితం మీద ఉర్దూలో సంతకం పెట్టింది. లేస్తూ నా దిక్కు చూసి, "పిల్ల బతికింది గదా సుమనా, గంతే చాలు" అన్నది. మరునాడే సామాను కట్టుకుని నాగర్‌కర్నూల్‌లో ఉన్న బిడ్డ ఫరా ఇంటికి వెళ్లిపోయింది.

దొంగ దొరికిందంటే గుండె దిగాలి కదా. దిగడం లేదు. శ్రీజ వాళ్లమ్మ పద్మజ నిన్న వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. బయట గట్టు మీద కూర్చుని అడిగింది. "పల్లి ఎట్ల పడ్డదో గది ఒక్కటి చెప్పుండ్రి. నా బిడ్డ నేను వండింది గూడ తింటలేదు. దేన్ని నమ్మి తినమని చెప్పాలె?" మౌలాబీ కలిపిందని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. శ్రీజ నమ్మడం లేదట. ఆమె వేయదమ్మా, ఇంకేదో జరిగింది, అది తెలిసేదాకా నేను తినను అంటోందట ఆ పిల్ల.

ఇంకేం జరుగుతుంది అత్తా? నువ్వే చెప్పు.

సుమన

*

ధరూర్
మార్చి 21

బిడ్డా సుమనా,

ఈ ఉత్తరం చదివాక చింపకు, ఆఫీసర్‌కు చూపించు. అందుకే పేరు, తేదీ, ఊరు అన్నీ సరిగ్గా రాస్తున్నాను.

ఆ ఉత్తరంలో నేను రాసినది అబద్ధం కాదు. కానీ పూర్తిగా రాయలేదు. మసాలా అంతా పోసి డబ్బాను నేలకు తడితే పొడి దిగి రెండు వేళ్ల వెలితి వచ్చింది. ధనియాలు అయిపోయాయి. నువ్వులు అయిపోయాయి. మరునాటి మార్కెట్టుకు సరుకు ఎక్కించుకునే లింగయ్య ఆటో వాకిట్లో నిలబడి ఉంది. నీకు పంపే పల్లి పొడి పక్కనే ఉంది, ఎర్రగుడ్డ కట్టి. ఆ గుడ్డ విప్పాను. విప్పేటప్పుడు నీ మాట గుర్తుకు రాలేదని చెప్పలేను. వచ్చింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పిడికెడు పల్లికి ఏమైతది, ఊకె బెదిరిస్తరు అనుకున్నాను. వెలితి పంపితే మాట పడతానని భయపడ్డాను గానీ, పిల్ల ప్రాణానికి భయపడలేదు. రెండు పిడికిళ్లు వేసి మూత పెట్టాను.

నీ మార్చి ఉత్తరం చూడగానే తెలిసిపోయింది. తెలిసే గుడ్డు, వంకాయ అని రాశాను. ఆ డబ్బాలోంచి తీసుకోలేదని నువ్వు రాస్తావేమో, బతికిపోతానేమో అని చూశాను. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు తినిపించిన దాన్ని, ఒక పిల్లను చంపబోయి నోరు మూసుకుని కూర్చున్నాను.

ఈ రెండు వారాలు నేను ఎట్లా ఉన్నానో నీకు తెల్వదు. పోలీసులు వస్తారని భయం. నాకు బండి చప్పుడు వినబడదు కదా, ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు. అందుకని పొద్దంతా వాకిలి దిక్కే చూస్తూ కూర్చుంటున్నాను. ఎంకమ్మ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే అరిచేశాను. ఉగాది పచ్చడి కూడా చేయలేదు.

అన్నిటికంటే నీ ఉత్తరం నన్ను చంపింది. నా చేతిరాత చూపించి మౌలాబీని దొంగను చేశావు. నువ్వు చేయలేదు, నేను చేయించాను. ఇంటి దొంగ నేనే.

పల్లి వేసింది నేను, దార్ల జంగమ్మ, ధరూర్. మౌలాబీకి తెలియదు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. లింగయ్యకు చెప్పాను, నువ్వు రమ్మంటే అతని ఆటోలోనే వస్తాను.

మౌలాబీ దగ్గరికి నువ్వు పో. నాకు ముఖం లేదు.

మీ అత్త

*

వనపర్తి
ఏప్రిల్ 5, ఆదివారం

జంగమ్మత్తకు,

పోయిన రెండు ఆదివారాలు లింగయ్యను ఉత్త చేతులతో పంపాను. నన్ను తిట్టుకుని ఉంటావు, లేదా నేను నిన్ను తిట్టుకుంటున్నానని అనుకుని ఉంటావు. రెండూ కాదు. నీ ఉత్తరం ముందు పెట్టుకుని భయపడుతూ కూర్చున్నాను.

నిజం చెబుతున్నాను. ఒక రోజు ఇంట్లో పొయ్యి వెలిగించి దాని పక్కన నీ ఉత్తరం పెట్టాను. ఆఫీసర్ మర్నాడు వచ్చి రెండు పొయ్యిలకు తాళం తీస్తానని కబురు పెట్టాడు. ఉత్తరం లేకపోతే లైసెన్సు ఉంటుంది, శ్రవణ్ ఉంటాడు, నువ్వు ఉంటావు. మౌలాబక్క ఒక్కతే పోతుంది, ఆమె ఎట్లాగూ పోయింది కదా అనుకున్నాను. అంత నీచంగా అనుకున్నాను అత్తా. తర్వాత ఆ పిల్ల మాట గుర్తుకొచ్చింది. తెలిసేదాకా తినను అన్నది కదా. ఊపిరాగి చావు దాకా పోయివచ్చిన పిల్ల మౌలాబక్కను నమ్మింది. ఆమె చేతి కూర రోజూ నాకి చూసిన నేను నమ్మలేదు.

ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. ఆ రోజు అరచేతిలో కూర నాకినప్పుడు నాకు మా ఇల్లు గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు నీ దగ్గర తిన్న కూరలాగే ఉంది. అందుకే రుచిగా ఉందన్నాను. పల్లి తిని పెరిగిన నాలుకకు పల్లి వేరుగా తగలలేదు. పట్టుకోవలసిన మనిషిని నేనే, మెచ్చుకుని పంపించాను. కాబట్టి తప్పంతా నీ నెత్తిన వేసుకోకు. పొడి బయట నుంచి వస్తుందని ఆఫీసర్‌కు మొదటే చెప్పి ఉంటే, ఆ డబ్బా మీద చీటీ ఉండేది.

ముందు నాగర్‌కర్నూల్ పోయాను. ఆఫీసర్‌ను అడిగి తెచ్చుకున్న స్టీలు డబ్బా కడిగి సంచిలో పెట్టుకున్నాను. ఫరా తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి రమ్మనలేదు. మౌలాబక్కే పిలిచి చాప వేసింది. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. చివరిదాకా తల వంచుకుని విని, తనకు ముందే తెలుసన్నది. ఒట్టు వేసిన సాయంత్రమే, ఒక్కపొద్దు విడిచాక, ఇంటికి పట్టుకుపోయిన ఆ మిగిలిన కూర నోట్లో పెట్టుకుందట. పల్లి అని తెలిసిందట. డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదా?

మరి ఆఫీసర్ ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఏడుపు ఆగలేదు నాకు.

"జంగమ్మక్క ప్రేమతోని పంపింది. దాన్ని కేసు కాగితంల ఎట్ల రాయిస్త?" అన్నది. ఇంకో మాట కూడా అన్నది. "నువ్వు చెప్తవేమో అని చూసిన సుమనా. ఆ డబ్బా మా అత్త పంపింది, జర ఆమెను గూడ అడుగుదాం అంటవేమో అని చూసిన."

నీ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అక్కడి నుంచి వచ్చి ఆఫీసర్‌కు ఉత్తరం ఇచ్చాను. మౌలాబక్క పేరు కొట్టేశాడు, ఆ చోట నా పేరు రాశాడు. చీటీ లేని పొడి లోపలికి రానిచ్చింది, అన్నీ ఇక్కడే చేస్తామని అబద్ధం చెప్పింది లైసెన్సు ఉన్న మనిషే కదా. ఇరవయ్యో తేదీన విచారణ. నిన్ను కూడా పిలవవచ్చు, రావలసి వస్తే నేనే వచ్చి తీసుకుపోతాను, నీ పక్కనే కూర్చుని అడిగినవన్నీ కాగితం మీద రాసి చూపిస్తాను. అప్పటిదాకా తాళం అట్లాగే ఉంటుంది, లైసెన్సు ఉంటుందో పోతుందో తెలియదు. శ్రవణ్ నాతో మాట్లాడడం లేదు. భయం పోలేదు అత్తా. కానీ ఇప్పుడు దేనికి భయపడుతున్నానో నాకు తెలుసు.

పద్మజ దగ్గరికి కూడా పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. శ్రీజ తలుపు చాటున నిలబడి వింది. నేను లేచి వస్తుంటే, మౌలాబమ్మ ఎక్కడ ఉంటుందని అడిగింది. అడ్రసు రాసిచ్చాను. ఆ పూట పెరుగన్నం తిన్నదని తర్వాత పద్మజ ఫోన్ చేసింది.

ఇక డబ్బా సంగతి. నాగర్‌కర్నూల్‌లో నేను లేస్తుంటే మౌలాబక్క డబ్బా ఇటివ్వమని తీసుకుని, నువ్వుల ముద్దలు పెట్టింది. రెండు వేళ్ల వెలితి ఉంది. ఫరా ఇంకో రెండు ముద్దలు తెచ్చి పైన పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మళ్లీ వనపర్తికి వస్తావా అక్కా అని అడిగాను. వస్తాననలేదు, రాననలేదు. మూత పెట్టి డబ్బా నా చేతికిచ్చింది.

"జంగమ్మక్కకు చెప్పు. వెలితి ఉంటే ఉండనియ్యమను."

ఆ డబ్బానే లింగయ్య చేతికి ఇస్తున్నాను. దారిలో నేనేమీ కలపలేదు.

నీ కోడలు
సుమన